కుక్కకి బండి, చూలాలికి డోలీ

పోయిన డిసెంబరులో ఒక పొద్దున్న బడికి వెళ్తుంటే మా ఊటగెడ్డ పక్కన ఒక ఇల్లు కనిపించింది. ముందురోజు సాయంత్రం అక్కడ ఏ ఇల్లూ లేదు. పునాది తీయలేదు, గోడ కట్టలేదు, పట్టా లేదు, పంచాయతీ అనుమతి లేదు. రాత్రికి రాత్రి వచ్చి నిలబడింది. దానికి చక్రాలున్నాయి.

మోటారు ఇల్లు అంటారట. కారవాన్ అని కూడా అంటారు. లోపల మంచాలు, గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, టీవీ, స్నానాలగది, పాయిఖానా. నెత్తి మీద సోలార్ పలకలు. పక్కకి పందిరిలాగా ఒక గుడ్డ లాగి, దాని కింద మడత కుర్చీలు వేసుకున్నారు. ఒక కుర్చీలో ఆయన, ఒక కుర్చీలో ఆవిడ, ముందర పరుపు మీద రెండు కుక్కలు. ఒకటి లాబ్రడార్, ఇంకొకటి మంచుదేశపు హస్కీ. రెండింటికీ స్వెట్టర్లు తొడిగారు. ఆ రోజు మా బడికి వచ్చిన 34 మంది పిల్లల్లో స్వెట్టర్ ఉన్నవాళ్లు 11 మంది. లెక్కపెట్టడం పంతులమ్మ జబ్బు, ఏం చేస్తాం.

"ఏమ్మా, ఈ నీళ్లు తాగొచ్చా?" అన్నాడాయన.

"తాగొచ్చు సార్. మేం తాగేవి అవే" అన్నాను.

పైపు వేసి బండి ట్యాంకు నింపుకున్నాడు. అది నిండేదాకా మా ఆడవాళ్లు బిందెలు పట్టుకుని నిలబడ్డారు. ఎవరూ ఏమీ అనలేదు. చుట్టం కదా అనుకున్నారు. ఇంతలో మా ఊరి పెద్దాయన ఒకాయన అటుగా వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. "ఏయ్, ఇటు రా. రాత్రి మంటకి కర్రలు తెచ్చిపెడతావా?" అన్నాడు బండాయన. అదే నోటితో వెనక్కి తిరిగి కుక్కని పిలిచాడు: "రా నాన్నా, రా బంగారం."

నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ రెండు పిలుపులు మాత్రమే కాదు. ఆ తర్వాత జరిగింది కూడా.

ముందే ఒక మాట. నాకు కుక్కలంటే ద్వేషం లేదు. కుక్కలేని ఆదివాసీ గడప నేను చూడలేదు. పోడు చేనికి కావలి కుక్కే, మేకలకి కావలి కుక్కే, రాత్రి చుట్టం వచ్చినా పాము వచ్చినా ముందు చెప్పేది కుక్కే. మేం తాగే చోడి అంబలే అది తాగుతుంది. కాబట్టి "వీళ్లకి జంతుప్రేమ తెలీదు" అని పుస్తకం మూసెయ్యకండి. తెలుసు కాబట్టే రాస్తున్నాను.

రెండో రోజు పొద్దున్న ఆ కుక్కల్ని గొలుసు తీసి వదిలారు. పట్నంలో పాపం పరిగెత్తడానికి చోటు ఉండదట. కొండ మీద స్వేచ్ఛగా తిరగనివ్వాలని వదిలారు. అప్పుడే మా బడి మూడో తరగతి పిల్ల మేకల్ని గెడ్డ దాటిస్తోంది. కుక్క మేకల వెంట పడింది, పిల్ల కర్ర ఎత్తింది, కుక్క పిల్ల పిక్క పట్టుకుంది. నేను వెళ్లేసరికి ఆవిడ ఏడుస్తూ ఆ పిల్ల కాలు తుడుస్తోంది. మంచావిడే, అబద్ధం చెప్పను. బకెట్టూ సబ్బూ తెప్పించి పదిహేను నిమిషాలు గాయం కడిగించాను. మేం సైన్సు పాఠంలో చెప్పేది అదే కదా.

"మా వాడికి అన్ని టీకాలూ వేయించాం. భయపడకండి" అన్నాడాయన. పిల్ల తండ్రి చేతిలో 500 నోటు పెట్టాడు. టీకా పుస్తకం చూపించమన్నాను. ఇంటి దగ్గర ఉందన్నాడు. ఫోను నంబరు అడిగాను. కవరేజి లేదన్నాడు. కవరేజికీ నంబరు చెప్పడానికీ సంబంధం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియలేదు. మధ్యాహ్నానికల్లా బండి కదిలిపోయింది. వాళ్లకి ఇంకా చూడాల్సిన కొండలున్నాయి.

ఇప్పుడు చదువుకున్నవాళ్లు జాగ్రత్తగా వినండి. కుక్క కరిస్తే టీకాలు మొదలుపెట్టాలి, అలాగే కరిచిన కుక్కని పది రోజులు కనిపెట్టి చూడాలి. పది రోజుల తర్వాత కూడా కుక్క ఆరోగ్యంగా ఉంటే ఆ కాటులో రేబిస్ లేదని తేలుతుంది. ఇది ప్రపంచమంతా ఒప్పుకున్న పద్ధతి. మా ఊరి కుక్క కరిస్తే అది ఎవరి గడపలో పడుకుంటుందో మాకు తెలుసు, పది రోజులు కట్టేసి చూస్తాం. ఇంటితో సహా వెళ్లిపోయే కుక్కని ఎవరు చూడాలి? పది రోజులకి అది లంబసింగిలో ఉంటుందో, మారేడుమిల్లిలో ఉంటుందో, ఒడిశా దాటిపోతుందో. చక్రాల మీద తిరిగే కుక్కతో వచ్చే అసలు ప్రమాదం ఇదే. అది మంచిదా చెడ్డదా అన్నది కాదు ప్రశ్న. కరిచాక అది కనపడదు.

ఆ తర్వాత కథ మన వాళ్లందరికీ తెలిసిందే. దగ్గర ఆస్పత్రిలో టీకా ఉంది. గాయం లోతు కాబట్టి సీరం కూడా కావాలన్నారు, సీరం లేదు. పెద్దాస్పత్రికి వెళ్లమన్నారు. ఆ ఆస్పత్రి పేరు ఇక్కడ రాయను. ఆ రోజు అక్కడున్న నర్సమ్మ తన డబ్బుతో ఆటో మాట్లాడింది కాబట్టి రాయను. మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు, నాలుగుసార్లు వెళ్లి రావాలి. డిసెంబరు అంటే కాఫీ పళ్లు కోసే కాలం. ఏడాదికి చేతికి నాలుగు డబ్బులు ఆడే నెల. తండ్రి నాలుగు రోజుల పని పోయింది, ఆటో డబ్బులు పోయాయి, పిల్లకి బడి పోయింది. 500 నోటు మొదటి ఆటోకే చాల్లేదు.

పిల్ల బాగుంది. కానీ బాగుండకపోతే? రేబిస్ వచ్చాక మందు లేదు. మన దేశంలో ఏటా 20,000 మంది దాకా దీంతో చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. చనిపోయేవాళ్లలో ఎక్కువమంది బీదలు, పిల్లలు. ఆస్పత్రికి దూరంగా ఉన్నవాళ్లు.

ఇక్కడ మన తప్పు కూడా చెప్పుకోవాలి. మన ఊరి కుక్కలకి టీకాలు ఉన్నాయా? చాలా ఊళ్లలో లేవు. పశువుల డాక్టరు వస్తే కోడికీ మేకకీ వేయిస్తాం, కుక్కని మరిచిపోతాం. ఇది సరిచేసుకోవాలి. అయితే మన కుక్కకి టీకా లేదని వాళ్ల కుక్కకి పగ్గం అక్కర్లేదని అర్థం కాదు.

ఇప్పుడు డోలీ సంగతి. ఆ బండి నిలిపిన చోటు మామూలు చోటు కాదు. మా రోడ్డు మీద కాస్త వెడల్పు ఉన్నది అక్కడే. మా పైన నాలుగు గూడేలున్నాయి, రోడ్డు లేదు. నొప్పులు వచ్చిన చూలాలిని కర్రకి దుప్పటి కట్టి డోలీలో మోసుకొచ్చి దించేది ఆ ఊటగెడ్డ దగ్గరే. 108 బండి వచ్చి మలుపు తిరిగేది కూడా అక్కడే. ఆ రెండు రాత్రులూ ఎవరికీ నొప్పులు రాలేదు కాబట్టి సరిపోయింది. వచ్చి ఉంటే అర్ధరాత్రి ఆ బండి తలుపు కొట్టి, పందిరి తీయండి సార్, కుర్చీలు తీయండి సార్, కుక్కల్ని పట్టుకోండి సార్ అని బతిమాలుకోవాలి.

"రోడ్డు వస్తే మీకే కదా మంచిది. టూరిజం వస్తే రోడ్డు వస్తుంది" అంటారు. రోడ్డు మాకు కావాలి. 2025లో ప్రభుత్వం అడవితల్లి బాట అని మొదలుపెట్టినప్పుడు మేమూ చప్పట్లు కొట్టాం. మాకు కావాల్సిన రోడ్డు గూడెం నుంచి ఆస్పత్రికి, గూడెం నుంచి బడికి, గూడెం నుంచి సంతకి. టూరిస్టుకి కావాల్సిన రోడ్డు పట్నం నుంచి వ్యూ పాయింటుకి. ఈ రెండూ ఒకటి కాదు. వ్యూ పాయింటుకి పోయే రోడ్డు కొండ కొసన ఆగిపోతుంది. కొండకి ఆవల పక్క కనపడే పచ్చదనం మధ్య ఉన్న గూడెం వాళ్లకి ఫోటోలో పడుతుంది. మనిషి మాత్రం డోలీలోనే దిగుతాడు.

ఈ కొండ రోడ్ల పుట్టుక కూడా పిల్లలకి చెప్తూ ఉంటాను. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి ఎక్కే రోడ్డుని తెల్లదొరల కాలంలో ఎవరు వేశారు? మన తాతలు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొరడా కింద, కూలి ఎగ్గొట్టించుకుంటూ వేశారు. గాం గంటందొర, మల్లుదొర లాంటి వాళ్లు అల్లూరి సీతారామరాజు వెంట నడవడానికి ఆ రోడ్డు పని కూడా ఒక కారణం. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద పడింది ఆ కోపమే. ఇప్పుడు ఆ ఘాటీ మీద మోటారు ఇళ్లు ఎక్కుతున్నాయి. జిల్లాకి ఆయన పేరు పెట్టారు, సంతోషం. రోడ్డు మీద మాత్రం మన వాటా ఇంకా పక్కకి తప్పుకుని నిలబడటమే.

"టూరిజం వస్తే ఉపాధి వస్తుంది" అంటారు. ఈ మాట మీద నిలబడి మాట్లాడదాం. బస్సులో వచ్చినవాడు మన కుర్రాడి జీపు ఎక్కుతాడు. మన అక్క దగ్గర టీ తాగుతాడు. బొంగులో చికెన్ తింటాడు. రాత్రి ఎక్కడో గది తీసుకుంటాడు. వలిసె పూల చేలో ఫోటో దిగితే రైతుకి పదో ఇరవయ్యో ఇస్తాడు. మంచిదే. మరి మోటారు ఇల్లు? మంచం దాంట్లోనే ఉంది, గది అక్కర్లేదు. వంటిల్లు దాంట్లోనే ఉంది, బియ్యం పప్పు పట్నంలోనే కొనుక్కొచ్చాడు. కాఫీ యంత్రం కూడా ఉంది. మా కాఫీ తోట పక్కన కూర్చుని ఎక్కడిదో పొడి కాఫీ తాగాడాయన. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, పారిస్‌లో దాని పేరుతో దుకాణం ఉంది. పది అడుగుల అవతల పండుతున్నదాన్ని ఆయన అడగలేదు. దారి చూపించడానికి ఫోను ఉంది, మన కుర్రాడు అక్కర్లేదు. కుక్కల తిండి కూడా సంచుల్లో వచ్చింది.

అంటే ఈ రకం టూరిజంలో మన దగ్గర కొనడానికి ఏమీ లేదు. ఉచితంగా తీసుకోవడానికి మాత్రం ఉన్నాయి: నీళ్లు, కర్రలు, చోటు, మంచు, పొద్దుపొడుపు. తిరిగి ఇచ్చేది ఏమిటి? బండి వెళ్లిపోయాక చూశాం. రోడ్డు పక్క కాలవలోకి నీలం రంగు నీళ్లు వదిలారు. పాయిఖానా ట్యాంకులో వేసే మందు రంగు అది. ఆ కాలవ పది బారలు పోయి గెడ్డలో కలుస్తుంది. కింద ఊరి వాళ్లు ఆ గెడ్డ నీళ్లే ముంచుకుంటారు. ఆ ట్యాంకు ఖాళీ చేయడానికి వేరే చోటు ఉండాలి. మా కొండల్లో నేను తిరిగినంత మేర అలాంటి చోటు ఒక్కటీ చూడలేదు. మరి ఇన్ని బండ్లు ఎక్కడ ఖాళీ అవుతున్నాయి? మీరే ఆలోచించండి.

"అందుకే కారవాన్ పార్కులు కడదాం" అనే మాట వెంటనే వస్తుంది. కేరళ 2021లో కారవాన్ టూరిజం మొదలుపెట్టింది, వాగమన్ కొండల్లో పార్కు పెట్టింది. మన దగ్గర కూడా ఆ మాటలు వినపడుతున్నాయి. పార్కు అంటే భూమి. ఇక్కడే మనం కళ్లు తెరవాలి.

1959 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్‌కి 1970లో చేసిన సవరణని 1/70 అంటాం. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుడి చేతికి పోకూడదు అని దాని సారం. చాలామంది దీన్ని అమ్మకాల చట్టం అనుకుంటారు. కాదు. తాకట్టు, లీజు, దానం, మార్పిడి, ఇవన్నీ బదలాయింపు కిందికే వస్తాయి. అంటే "మూడేళ్లకి నీ మెట్ట నాకు ఇవ్వు, గుడారాలు వేసుకుంటాను, నీకు నెలకి ఇంత" అని వచ్చే పట్నం పెద్దమనిషి మాట కూడా 1/70 కిందికే వస్తుంది. నీ పేరుతోనే నడిపిద్దాం అని వచ్చేవాడి మాట కూడా అంతే. దాన్ని బినామీ అంటారు, ఉపాధి అనరు.

గోడల ఇంటిని 1/70 కొంతవరకైనా ఆపింది. ఇప్పుడు చక్రాల ఇల్లు వచ్చింది. అది స్థిరాస్తి కాదు, వాహనం. ఈ రోజు ఒకటి, రేపు పది, పై ఏడాది వాటికి కరెంటు, నీటి గొట్టం, కంచె, గేటు. గేటు దగ్గర కూర్చోడానికి మన కుర్రాడు, యూనిఫాంతో. అప్పుడు ఆ ఊటగెడ్డకి బిందెతో వెళ్లే మన ఆడబిడ్డని ఆ కుర్రాడే ఆపుతాడు. ఎవరి మీదో అనుమానంతో చెప్పడం లేదు. కొండల్లో భూమి ఎలా చేతులు మారిందో నలభై ఏళ్లుగా చూసి చెప్తున్నాను. ముందు చుట్టంగా వస్తారు, తర్వాత షావుకారుగా ఉంటారు, ఆఖరికి మనమే చుట్టాలమవుతాం.

"కొండ ఎవరి సొత్తూ కాదు, అందరిదీ. ఈ దేశంలో ఎవరు ఎక్కడికైనా తిరగొచ్చు" అనేవాళ్లు కూడా ఉన్నారు. రాజ్యాంగం పేరు చెప్తారు. మంచిది, రాజ్యాంగమే తీద్దాం. 19వ అధికరణం తిరిగే హక్కు, నివాసం ఉండే హక్కు ఇచ్చింది. ఆ అధికరణంలోనే ఐదో క్లాజు ఉంది. షెడ్యూల్డ్ తెగల ప్రయోజనాల రక్షణ కోసం ఆ హక్కుల మీద సమంజసమైన ఆంక్షలు పెట్టవచ్చు అని రాసి ఉంది. రాసినవాళ్లకి మన సంగతి తెలుసు. తిరిగే హక్కు కింద కొండ మీదికి ఏమేమి ఎక్కుతాయో వాళ్లకి ముందే తెలుసు.

అయినా ఈ "అందరిదీ" అనే మాట ఎప్పుడు వినపడుతుందో గమనించారా? మన చేతిలో ఏదైనా ఉన్నప్పుడే. ఏజెన్సీ బళ్లలో టీచరు ఉద్యోగాలు నూటికి నూరూ స్థానిక గిరిజనులకే అని 2000లో ఇచ్చిన జీవో 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పుడు విన్నాం "అందరిదీ" అని. ఇప్పుడు గెడ్డ దగ్గర వింటున్నాం. నేను ఒకటి అడుగుతాను. ఈ వేసవి సెలవులకి మా పిల్లల్ని తీసుకుని విశాఖ వస్తాను. ఒక అపార్టుమెంటు కింద కార్లు పెట్టే చోట గుడారం వేసుకుంటాను. వాళ్ల ట్యాంకులో నీళ్లు పట్టుకుంటాను. మా ఊరి కుక్కల్ని, పాపం కొండమీద పుట్టినవి కదా, లిఫ్టు దగ్గర స్వేచ్ఛగా వదులుతాను. వాచ్‌మన్‌ని "ఏయ్, ఇటు రా" అంటాను. ఎంతసేపు ఉండనిస్తారు? అప్పుడు చూద్దాం ఏది అందరిదో.

కుక్కతో అడవిలోకి వెళ్లడం గురించి కూడా మాట్లాడాలి. చైత్రమాసంలో ఇటుకల పండుగకి మన మగవాళ్లు కుక్కల్ని వెంటేసుకుని అడవికి వెళ్లేవారు. వేటకి. ఇప్పుడు అది నేరం. 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు. అడవి జంతువులు తగ్గిపోయాయి, వేట మానుకోవాలి అంటే నేను ఒప్పుకుంటాను, బళ్లో పిల్లలకి అదే చెప్తాను. కానీ ఆదివాసీ కుక్కతో అడవి అంచున కనిపిస్తే సంచి విప్పు అంటారు. హస్కీతో టూరిస్టు అదే అడవిలోకి నడిస్తే ఫోటో తీయమంటారా సార్ అంటారు. కుక్క కుక్కే కదా. జంతువుకి తెలుసా వెంటపడుతున్నది వేటకుక్కా విహారకుక్కా అని?

వేటకంటే పెద్ద ప్రమాదం రోగం. కుక్కలకి డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు వస్తుంది. ఊరకుక్కల నుంచి అది అడవి జంతువులకి పాకుతుంది. ఆఫ్రికాలో సెరెంగెటి సింహాల్లో దాదాపు మూడోవంతు 1994లో ఈ జబ్బుతో పోయాయి. మన దేశంలో గిర్ అడవిలో 2018లో 20కి పైగా సింహాలు చనిపోతే వాటిలో కొన్నింటిలో ఇదే వైరస్ కనిపెట్టారు. లదాఖ్‌లో సైనిక శిబిరాల, టూరిస్టుల తిండి మిగుళ్లు తిని పెరిగిన కుక్కల మందలు నల్లమెడ కొంగల గూళ్ల మీద పడుతున్నాయి. మన పాపికొండల జాతీయ పార్కులో రేసుకుక్కలున్నాయి. ప్రపంచంలోనే అవి అరుదైపోయాయి, వాటికీ ఈ జబ్బు వస్తుంది. అభయారణ్యానికి ఐదు కిలోమీటర్ల లోపు ఊళ్లలో పశువులకి టీకాలు వేయించాలని చట్టంలో ఉంది. మన ఆవుకి లెక్క ఉంది, మేకకి లెక్క ఉంది. అదే గేటు దాటి వచ్చే బండిలో కుక్క టీకా పుస్తకం అడిగేవాడు లేడు. చెక్‌పోస్టులో మన పిల్లల బస్తాలు విప్పి పసుపు కొమ్ములు కూడా లెక్కపెడతారు. చక్రాల ఇంటి మంచం కింద పెట్టె ఎప్పుడైనా తెరిచారా?

ఇంక మన వైపు. నిజం మాట్లాడకపోతే ఈ పుస్తకం ఎందుకు? మనలోనూ ఉన్నారు. రోడ్డు పక్క మెట్టని రాత్రికి ఇంత అని గుడారాల వాళ్లకి ఇచ్చినవాళ్లు ఉన్నారు. టూరిస్టు తాగి పారేసిన సీసాల్ని తీయకుండా, అతని పక్కన నిలబడి సెల్ఫీ తీసుకున్న కుర్రాళ్లు ఉన్నారు. "ఏయ్" అంటే పరిగెత్తే అలవాటు మనకి ఇంకా పోలేదు. ఆ రోజు ఆ పెద్దాయన కర్రలు తెచ్చిపెట్టాడు. నేను చూస్తూ ఊరుకున్నాను. భీమిలిలో టీచరు ట్రైనింగు చేసి, ఇరవై ఏళ్లుగా పాఠాలు చెప్తున్నదాన్ని, "సార్, పెద్దవారిని అలా పిలవకండి" అనే ఒక్క మాట నోట్లోంచి రాలేదు. అందుకే ఈ రాత. ఆలస్యమైనా అంటున్నాను.

అయితే ఏం చేయాలి? రావొద్దు అని నేను అనను. అన్నా ఆగరు. వస్తే ఎలా రావాలో చెప్పే హక్కు మనది. అది దయ కాదు, చట్టం. 1996 పెసా చట్టం మన సంప్రదాయాల్ని, ఉమ్మడి వనరుల్ని కాపాడుకునే అధికారం గ్రామసభకి ఇచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం ఐదో సెక్షను నీటి ఊటల్ని, పరీవాహక ప్రాంతాల్ని, వన్యప్రాణుల్ని కాపాడే అధికారం గ్రామసభకే ఇచ్చింది. 1997 సమత తీర్పు అనంతగిరి మండలం బొర్రా కొండల కేసులో వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకి గనుల లీజుకి ఇవ్వకూడదని ఆ తీర్పు చెప్పింది. 2013లో ఒడిశా నియమగిరిలో పన్నెండు గ్రామసభలు గని వద్దన్నాయి, గని ఆగింది. అంత పెద్ద కంపెనీని ఆపిన గ్రామసభ ఒక బండిని పక్కన పెట్టించలేదా?

నా ఊరి గ్రామసభలో పెట్టమని నేను రాసిచ్చిన తీర్మానం ఇది. మీ ఊళ్లకి తగ్గట్టు మార్చుకోండి. ఒకటి, ఊట నుంచి, గెడ్డ నుంచి కనీసం రెండు వందల మీటర్ల లోపు ఏ బండీ రాత్రి ఉండకూడదు. రెండు, డోలీ దించే చోటు, 108 తిరిగే చోటు ఖాళీగా ఉండాలి, సున్నంతో గీత గీసి బోర్డు పెట్టాలి. మూడు, కుక్కతో వచ్చేవాళ్లు టీకా పుస్తకం చూపించాలి, పేరూ ఫోను నంబరూ బండి నంబరూ ఊరి పుస్తకంలో రాయాలి, కుక్క పగ్గం మీదే ఉండాలి. కరిస్తే పది రోజులు ఆ కుక్క మండలం దాటకూడదు, లేదా ఎక్కడుందో రోజూ ఫోటోతో చెప్పాలి, టీకాల ఖర్చూ కూలి నష్టమూ కట్టాలి. నాలుగు, పాయిఖానా ట్యాంకు మన హద్దులో తెరిస్తే జరిమానా. ఐదు, రాత్రి ఉన్నందుకు రుసుము గ్రామసభ ఖాతాలో పడాలి, ఎవరి జేబులోనూ కాదు. ఆ డబ్బుతో మొదట మన కుక్కలకి టీకాలు. ఆరు, కారవాన్ పార్కు పేరుతో ఎవరు ఏ కాగితం తెచ్చినా సభలో చదివి వినిపించకుండా వేలిముద్ర వేయకూడదు.

ఇందులో ఏదైనా అన్యాయం ఉందా? పట్నంలో ఏ కాలనీ సంఘం రాసుకున్న నిబంధనలైనా ఇంతకంటే కఠినంగా ఉంటాయి. అక్కడ వాటిని రూల్స్ అంటారు. ఇక్కడ మనం రాసుకుంటే దౌర్జన్యం అంటారు.

దౌర్జన్యం అనే మాట ఎందుకు వాడానో చెప్పి ఆపుతాను. ఇటుకల పండుగ రోజుల్లో మన ఆడవాళ్లం రోడ్డుకి అడ్డంగా దుంగ వేస్తాం. వచ్చే ప్రతి బండినీ ఆపి, పాట పాడి, పజోరు అడుగుతాం. నేనూ దుంగ దగ్గర నిలబడ్డాను, టీచరునయ్యాక కూడా. మొన్న చైత్రంలో ఒక కారాయన అద్దం దించి "ఇది దారిదోపిడీ" అని పది రూపాయలు విసిరాడు. ఆయన విశాఖ నుంచి వస్తూ టోలుగేటు దగ్గర ఎంత కట్టాడో, అక్కడ ఎవరినైనా దొంగ అన్నాడో లేదో నాకు తెలియదు.

ఆ దుంగ అర్థం ఏమిటని మా బడి పిల్లలు అడిగితే ఇలా చెప్పాను. ఈ తోవ మన ఊరి మీదుగా పోతోంది, కాబట్టి వచ్చినవాళ్లు ఆగి, మన ముఖం చూసి, మాట్లాడి, ఇవ్వాల్సింది ఇచ్చి వెళ్లాలి. అంతే. పండుగకి ఆ దుంగ కొన్ని రోజులే ఉంటుంది. ఏడాది పొడవునా ఆపి అడిగే అధికారం చట్టం గ్రామసభ చేతిలో పెట్టింది. దుంగ మన దగ్గర ఉంది. రోడ్డు మీదికి దొర్లించాల్సింది మనమే.